ఎల్లమ్మ గజ్జెలు

తమ్మీ అంజన్,

పప్పు పొయ్యి మీదుంది, వేడి చేసుకొని తిను. ఆబిడ్స్ ప్రెస్సోళ్లు పోస్టర్లు ఇచ్చిపోయిన్రు, మంచం మీద పెట్టిన. ఈ సీజన్ల నాంపల్లి హాల్ల మన చిందోళ్ల భాగోతాలు ఐదు పడుతున్నయని చూసి మస్తు సంబురపడ్డ. కిందికి చూస్తే ఎల్లమ్మ వేషం నీ బిడ్డ ప్రణవికి రాసినవ్. అమ్మ పోయినంక గా వేషం నాదే గదా! పోస్టర్ చూసి తెలుసుకోవాల్నా నేను? నోటితోని ఒక్క మాట చెప్పనీకి ఏమైంది నీకు?

గజ్జెల కోసం పెట్టె వెతకకు, నేను తీస్కపోతున్న. పాతామె తన చేతులతోని కట్టకుంటే కొత్తామె ఆడరాదు, మనింట్ల అమ్మమ్మ కాలం నుంచి గదే పద్ధతి. గది మర్చిపోయి పోస్టర్ ఏపిచ్చినవ్. ఇప్పుడు తెర ఎట్ల లేపుతవో చూస్త.

అనురాధక్క

రేపు ప్రణవిని ఏం తినకుండ హాల్‌కు రమ్మను. గజ్జెలు కట్టించుకునేటోళ్లు ఒక్కపొద్దుండాలె.