పూజగదిలో చేరిన కథల పుస్తకాలు

శనివారం, అశ్వారావుపేట

కోపం ఇంకా తగ్గలేదు.

పోయిన నెల తమ్ముడే ఫోన్ చేసి, "అక్కా, పిల్ల ఫోన్ వదుల్తలేదు, ఇంటిల్లిపాది చదువుకునే పుస్తకాలు ఏమన్న చెప్పు" అన్నడు. ఖమ్మంల దుకాణమంతా వెతికి, నవ్వొచ్చే కథలవి నాలుగు నేనే కొని పంపిన. ఇయ్యాల తమ్ముడింటికి వచ్చి చూస్తే అవి పూజగదిలో సరస్వతి పటం ముందున్నయి. అట్టల మీద పసుపు కుంకుమ, ఎండిన బంతిపూలు. ఒక్క పేజీ విప్పలేదు.

"నువ్వు పంపినవి కదా వదినా, పూజల పెట్టినం. పరీక్షలైనంక తీస్తం" అంది మరదలు. నేను మెచ్చుకుంటాననుకుంది.

"ముట్టుకుంటే కండ్లు పోతయట అత్తా" అంది ఎనిమిదేండ్ల పిల్ల, దూరంగా నిలబడి.

అప్పుడు మండింది నాకు. నేనూ రెండు పూటలా దీపం పెట్టేదాన్నే. చదువులతల్లిని చూపించి పిల్లను పుస్తకానికే భయపెడతారా?

నాలుగూ తీసి, పసుపు దులిపి, ఒకటి తమ్ముడి చేతిలో పెట్టిన. "చదువు. అందరికీ వినపడాలె."

"నేనా? బడి మానేసి ఇరవై ఏండ్లాయె అక్కా!"

"అయితే జల్దీ మొదలుపెట్టు."

కూడబలుక్కుంటూ చదివిండు. దున్నపోతు పెళ్లిచూపులకు పోయిన కథ. "గట్ల కాదు నాయనా, దున్నపోతు గొంతు పెట్టు" అని పిల్ల పొట్ట పట్టుకొని నవ్వింది. మరదలు మాత్రం లెంపలేసుకుంటూ పూజగది కడిగింది.

ఎల్లుండి నేను వెళ్లిపోతా. ఆ తర్వాత...

దీపం దగ్గర కూర్చొని చదువులతల్లిని క్షమించమని అడగలేదు. ఆ పుస్తకాలను మళ్లీ నీ దగ్గరికి రానియ్యకు అని అడిగిన.