తంగేడు పూల దారిలో బోలు చప్పుడు

1991 అక్టోబర్, సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు, రాత్రి.

కళ్లు మూస్తే ఆ చప్పుడే వినిపిస్తున్నది, అందుకే రాస్తున్నాను.

తంగేడు ఎంత పూసిందో చూద్దామని పొద్దున గనిలో పనిచేసే కొడుకు మల్లేశం, మనుమరాలు సునీతతో ఖిల్లా గుట్ట ఎక్కాను. అడవి దాటి గొర్రెలు మేసే బయలుకు చేరగానే సునీత గంతులు మొదలుపెట్టింది.

"నిమ్మలంగ నడువు, కోతీ!" అన్నాను.

ఆ గంతులకు నేల మోగడం విని మల్లేశం ఆగాడు. గనిలో పైకప్పును తట్టి చూసినట్టే నేలను కట్టెతో తట్టాడు. బోలు చప్పుడు వచ్చింది. గడ్డిలో బెత్తెడు పగులు కనిపించింది.

"అవ్వా, కింద పాత గని ఉన్నది. పిల్లను పట్టుకొని మెల్లగ వెనక్కి రా."

"బాపూ, మరి పూలు?" అన్నది సునీత.

"పూలు లేవు గీలు లేవు, రా!"

సునీత చెయ్యి పట్టుకొని, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచాను.

రేపు తెల్లవారగానే మా గని కాలనీ ఆడపిల్లలంతా ఆ దారినే పూలకు పోతారు. సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. పక్కింటి లక్ష్మి నవ్వింది: "ఏటేటా పోతనే ఉన్నం. గిప్పుడే కూలుతదా, పెద్దవ్వా?"

ఇక జరగవలసినవి:

1. చీకటితోనే మల్లేశం దారికి తుమ్మకంప అడ్డం వెయ్యాలి.
2. అక్కడినుంచే, ఇవాళ మూసి ఉన్న గని ఆఫీసుకు పోయి మనుషులను తీసుకురావాలి.
3. అంతవరకు కంప ముందు నేను కూర్చోవాలి. నన్ను దాటి ఎవరూ పోరు.
4. కంపకు ఇవతల నేల గట్టిగా ఉన్నది ఎక్కడిదాకానో మల్లేశాన్ని అడగాలి; అక్కడిదాకా పిల్లలు పూలు కోసుకుంటారు.