బేసిక్ తప్ప తెలియని నీ కంప్యూటర్

చిన్నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఈ మాట నీకు చెప్పకుండా ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. బేసిక్ తప్ప ఇంకో భాష తెలియని నీ పాత కంప్యూటర్‌లో ఈరోజు సి ప్రోగ్రాం నడిచింది!

అలా నడవాలని కోరుకున్నది నువ్వే. అందుకే సి భాషను దానికి అర్థమయ్యేలా మార్చిపెట్టే ఒక చిన్న కంపైలర్‌ను కోసి, కుదించి, దాని మెమరీలో ఇరికించడానికి ఆదివారాలన్నీ బాగన్ దాతుక్ ఊళ్ళో మీ ఇంట్లోనే గడిపాను. ఏ మార్పు చేసినా మళ్ళీ క్యాసెట్ నుంచి ఎక్కించాలి. అది కీచుమంటున్నంతసేపూ నేను గదిలో అటూ ఇటూ తిరిగేదాన్ని. పిన్ని టీ తెచ్చి, మలాయ్ వాళ్ళ లాగే మాట చివర 'లా' తగిలించి తిట్టేది.

"ఈ డబ్బా మీ చిన్నాన్నని తినేసినాది, ఇప్పుడు నిన్ను తింటన్నాది. పాత సామాన్లోడికి ఇచ్చెయ్ లా!"

ఈరోజు తెర మీద నీ పేరు వచ్చింది. నా అరుపు విని పిన్ని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. తెర వంక చాలాసేపు చూసి, తడి చేతులు పైటకు తుడుచుకుంది.

"అయితే పని అయిపోనాదా? వచ్చే ఆదివారం ఇంక రావేటే?"

ఆ సంగతి నాకు అంతవరకూ తట్టలేదు.

"ఎక్కడైంది పిన్నీ! దీనికింకా దశాంశాలే తెలీవు. బోలెడు పనుంది."

"ముందే సెప్పవేటి! సేపల పులుసెడతాను, ఆకలితో రా," అంది.

దశాంశాలు ఆ మెమరీలో పట్టవని నీకూ తెలుసు చిన్నాన్నా. పట్టకపోతేనే నయం.

నీ కూతురిలాంటి
నేను