నీ వాకిట్లో నా కంపెనీ బండి

బావా,

నువ్వు చనిపోయిన ఏడాదికి నీ వాకిట్లో కొత్త పికప్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అది నీ బండి కంపెనీది కాదు, నా బండి కంపెనీది! వడమాలపేట మండీలో మామిడికాయలు లోడు చేసేటప్పుడల్లా నా బండిని రేకు డబ్బా అన్నవాడివి. నీ బండి వెనక నా కంపెనీ స్టిక్కర్ అంటిస్తే నెల రోజులు నాతో మాట్లాడనివాడివి. అందుకే అనుమానమొచ్చి నీ భార్యను నిలదీశాను.

"ఎవరు చెప్పినారు చెల్లెమ్మా, ఈ బండి కొనమని?"

"ఆయనేన్నా. ఆస్పత్రిలో చెప్పినాడు. మీ అన్న బండే గట్టిది, కొంటే అదే కొను, వానికి మాత్రం చెప్పొద్దు అనినాడు."

నేను నమ్మలేదు. నన్ను సంతోషపెట్టడానికి చెల్లెమ్మ అల్లిన అబద్ధమే అయ్యుండాలి. నువ్వే ఒప్పేసుకుంటే, ఇక మండీలో నేనెవరితో పోట్లాడేది బావా?