రోహిణి బోటులో చీమలు

17 సెప్టెంబరు

విశ్వకర్మ పూజ. రిటైరై ఇన్నాళ్ళయినా ఈ రోజు నా చెయ్యి ఊరుకోదు. స్టీలు ప్లాంటులో మా క్రేనుకి ఏటేటా నేనే బొట్టు పెట్టేవాణ్ణి. ఈసారి మా రోహిణి బోటుకి పెట్టాను. నా కూతురి బోటు. రాస్తుంటేనే ఒళ్ళు పొంగుతోంది. బ్యాటరీతో నడుస్తుంది. పైన టాపు, చుట్టూ రంగు లైట్లు. ఉతై ఊరు దాటాక పాత రాళ్ళ ఖదాన్, అదే క్వారీ, నీళ్ళు నిండి చెరువైపోయింది, అందులో జనాన్ని తిప్పే పని పంచాయతీ మా అమ్మాయికిచ్చింది. దసరా నాడు ఓపెనింగు.

రోహిణి సర్పంచి దగ్గరికెళ్ళింది. నేనూ మా ఆవిడ నూకరత్నమూ పూజ చేశాం. బోటుకి గుండె బ్యాటరీయే కదా అని ఆ డబ్బా మీదే కొబ్బరికాయ కొట్టాను. గట్టు మీద కొట్టవచ్చు కదా అంది నూకరత్నం. మిషన్ల సంగతి నీకేటి తెలుసన్నాను.

22 సెప్టెంబరు

చెరువు మధ్యలో ఆగిపోయింది. లైట్లు వెలుగుతున్నాయి, హారను మోగుతోంది, రేసు ఇస్తే మోటారు చచ్చిపోతోంది. నేనూ రోహిణీ తెడ్లు వేసుకుంటూ వచ్చాం. ఛీ, ఏం నీళ్ళవి. నాచు, గుట్కా పొట్లాలు, ఎవడిదో తెగిన చెప్పు. గట్టు మీద జనం, అంకుల్‌జీ, ధక్కా మారూఁ క్యా, తొయ్యమంటావా అని ఒకటే నవ్వు. సర్పంచీ చూశాడు. దసరాకి సరిగ్గా నడవకపోతే చెరువు పెడల్ బోట్లవాడికి ఇచ్చేస్తానన్నాడు. రోహిణి ఉద్యోగం మానేసి మరీ దిగింది ఇందులో.

23 సెప్టెంబరు

శ్యామసుందర్ వచ్చాడు. పవర్ హౌస్ బజారులో ఈ-రిక్షాల మెకానిక్కు, ఈ బోటు వైరింగు వాడిదే. మీటరు పెట్టి బ్యాటరీ ఫుల్లన్నాడు. స్విచ్చి మార్చాడు. మళ్ళీ అదే రోగం. బోటులోంచి నీళ్ళలోకి ఎర్రగా ఉమ్మాడు. పనయ్యాక గట్టు మీద కూర్చుని సమోసాలు తిని, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

25 సెప్టెంబరు

స్విచ్చి కాదట, మోటారుకి కరెంటు పంపే కంట్రోలరు పోయిందట. వీడి మొహం తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

27 సెప్టెంబరు

బ్యాటరీ డబ్బా మూత తీస్తే చీమలు. వైర్ల మీద, నట్ల మీద, బారులు బారులు. పులిసిపోయిన కంపు. ఇంకేటి కావాలి. నువ్వు తిన్న సమోసాలు ఇందులోనే పడేశావా అని శ్యామసుందర్‌ని అందరి ముందూ కడిగేశాను. పందిలా ఉన్నావన్నాను. వాడు సామాను సంచీలో వేసుకున్నాడు. అంకుల్, వైరింగు చేసేటప్పుడు నేను తిండి ముట్టను అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. పీడ పోయిందనుకున్నాను. రోహిణి వాడి వెనకాలే గట్టు దాకా వెళ్ళింది.

28 సెప్టెంబరు

పొద్దున్నే రోహిణి నన్ను లేపింది. మోటారు ఊరికే ఉన్నప్పుడు మీటరు చూస్తే లాభం లేదు నాన్నా, బరువు పడినప్పుడు చూడాలి అంది. బోటుని తాడుతో గట్టుకి కట్టి, నన్ను రేసు ఇమ్మంది. తను మీటరు పట్టుకుని ఒక్కో జాయింటూ చూసుకుంటూ వెళ్ళింది. బ్యాటరీ దగ్గర వోల్టేజీ బాగానే ఉంది. పక్క నట్టు దాటగానే పడిపోతోంది. ఆ నట్టు మీద వేలు పెట్టి చటుక్కున తీసేసింది. కాలిపోతోందంది. ఎంత తెలివో నా తల్లికి. గుండె నిండిపోయింది.

మెయిన్ స్విచ్చి ఆపేసి నట్టు విప్పింది. కింద పచ్చగా, జిగురుగా, కుళ్ళిన పుండులా ఉంది. అందులో ఒక పీచు. కొబ్బరి పీచు. దానికి కుంకం.

రోహిణి పీచుని చూసింది, నన్ను చూసింది. గుడ్డతో తుడిచేసి, చెరువు తేమ నాన్నా, అంతే అంది. తినే సోడా వేసి కడిగింది, గీకింది, ఆరబెట్టి బిగించింది. తాడు విప్పగానే బోటు జువ్వలా పోయింది. గంతులు వెయ్యాల్సినవాణ్ణి. నా చేతులు చూసుకుంటే నాకే రోత పుట్టింది.

30 సెప్టెంబరు

పవర్ హౌస్ వెళ్ళాను. దుకాణం నిండా మనుషులున్నారు. వాళ్ళందరి ముందే శ్యామసుందర్‌కి చెప్పాను, చీమలు నీ సమోసాకి రాలేదు బాబూ, నా కొబ్బరినీళ్ళకి వచ్చాయి అని. వాడు చేతిలో స్పానరు కింద పెట్టాడు. తరవాత నవ్వాడు. రిక్షావాళ్ళు ఏటా బ్యాటరీ మీదే కొడతారు అంకుల్, విశ్వకర్మ పూజ అయ్యాక వారం పాటు నాకు ఒకటే గిరాకీ, కానీ ప్లాంటు మనిషి కూడా కొడతాడని నాకు తట్టలేదు అన్నాడు. టీ తెప్పించాడు. గ్లాసు జిడ్డుగా ఉంది. తాగాను.

2 అక్టోబరు, దసరా

గట్టంతా జనం. సర్పంచి కొబ్బరికాయ నా చేతికిచ్చి బోటు మీద కొట్టమన్నాడు. రోహిణి స్టీరింగు దగ్గర నించుంది. నేను వెనక్కి నడిచి, దూరంగా గట్టు మీద రాయికి కొట్టాను. నీళ్ళన్నీ నా కాళ్ళ మీద పడ్డాయి.

బోటు మూడుసార్లు జనంతో నిండింది. రాత్రి చూస్తే పాదాల మీద చీమలు. కడుక్కోలేదు.