వేడికి నార్వే మాట

ఉదయగిరి,
12 మే 1951.

ప్రియమైన అమ్మకు,

నీ ఎస్తేరు వందనాలతో రాసేది. దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఆత్మకూరులో నువ్వూ నాయనా క్షేమమని తలుస్తాను. ఇక్కడ కొండ కాగి, పొద్దుగూకినా సెగ తగ్గడం లేదు.

మా మిషన్ ఆసుపత్రిలో నార్వే దేశపు నర్సు, సిగ్రిడ్ దొరసాని ఉందని రాశాను కదా. వాళ్ళ దేశం నుంచి ఇంకో నర్సు రాబోతోంది. ఆమెకు ఇంగ్లీషు అంతంత మాత్రమేనట. అందుకని ఈమె మేం రోజూ వాడే ఇంగ్లీషు మాటలకు నార్వే భాషలో అర్థాలు రాసి పెడుతోంది. రోగుల మాటలు ఇంగ్లీషులో చెప్పే పని నాది కాబట్టి, ఆ తంటాలో నేనూ ఇరుక్కున్నాను.

అన్నీ సాఫీగా సాగాయి గానీ "హాట్" దగ్గర బండి ఆగింది. ఎండకూ కాఫీకీ వాళ్ళు వర్మ్ అంటారు. మిరపకాయకు అది పనికిరాదట, స్టెర్క్ అనాలట. అంటే బలమైనదని. మన గొడ్డుకారం రుచి చూస్తే ఇంకేమంటారో!

అంతలో వరికుంటపాడు నుంచి వెంగమ్మ అనే ఆమె బిడ్డను ఎత్తుకొచ్చి, "పిల్లోడికి వేడి చేసుండాది, మందియ్యమ్మా" అంది. నేను హాట్ అనే చెప్పాను. దొరసాని థర్మామీటర్ పెట్టి చూసింది. జ్వరం లేదు. మరి వేడి ఎక్కడుందని నన్ను నిలదీసింది. మామిడిపండ్లు, బెల్లం, నువ్వులు, బొప్పాయి, ఇవన్నీ వేడి చేస్తాయన్నాను. మజ్జిగ చలవ అన్నాను. ఆమెకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

మర్నాడు పెరట్లో కాసిన బొప్పాయి కోసి, ముక్క చెంపకు ఆనించుకుని, చల్లగానే ఉందే అంది. నాకో ముక్క ఇచ్చింది. ఆకలి లేదన్నాను. ఎప్పుడూ అడిగి మరీ తినేదాన్ని. ఆమె కత్తి కింద పెట్టి కాసేపు నా వైపు చూసింది. మన వేడికి నార్వే మాట మాత్రం ఇంకా దొరకలేదు.

అందుకని దొరసాని కోసం అడుగుతున్నాను. ఏవేవి వేడి చేస్తాయో, తెలియక తింటే ఏం చేయాలో, నీకు తెలిసినంతా వెంటనే రాయి. మీ అల్లుడు వందనాలు చెప్పమన్నారు.

ఇట్లు,
నీ కూతురు
ఎస్తేరమ్మ

తా.క. ఇది నాయనకు చదివి వినిపించకు. వేడి సంగతి అడిగింది నా కోసమే. నాకు మూడో నెల. పోయిన రెండుసార్లూ ఈ నెలలోనే చేజారింది కదా, అందుకే మీ అల్లుడికి కూడా చెప్పలేదు. పోయిన వారం మరిచిపోయి నువ్వుల ఉండ తిన్నాను. చాలా భయంగా ఉందమ్మా. దొరసానికి నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. కానీ ఆ రోజు నుంచి నా ముందు బొప్పాయి కోయడం లేదు. పైన మేమిద్దరం క్షేమం అని రాశాను. ముగ్గురం అని రాయడానికి చెయ్యి రాలేదు.