అగ్గి, వాన, ఊగే విండోలు

జోంబా,
2009 జులై 14

ప్రియమైన తదాలక్కకు,

నువ్వు పంపిన ఎండు ఉసిపా చేపలు అందాయి. తిన్నాను. రుచి ఎలా ఉందంటే చెప్పలేను. ఈ మధ్య దేనికీ ఏమీ అనిపించడం లేదు. ఏడుపు కూడా రావడం లేదు, కంగారు పడకు.

నీ దగ్గర ఒక సంగతి దాచాను. నా చూపు పోతోంది. కంటి లోపలి పొర చెడుతోందట, మందు లేదట. పక్కన వాలిన ఈగ కనిపిస్తుంది, ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం కనిపించదు. డాక్టరు చెప్పి ఐదు నెలలైంది. విని, బయటికొచ్చి, అరటిపళ్ళు కొనుక్కుని ఆఫీసుకి వెళ్ళాను.

కాలేజీలో నా పని తెలుసుగా, విద్యార్థుల పేర్లూ మార్కులూ టైపు చేయడం. మా కంప్యూటర్లన్నీ లినక్స్‌వి. అందులో తెరకు సోకులు చేసే ఏర్పాటు ఒకటుంది. వెతికితే నాకు పనికొచ్చేవి రెండు దొరికాయి. ఒక మీట నొక్కిపట్టి మౌసు చక్రం తిప్పితే తెరంతా పెద్దదవుతుంది. ఇంకోటి నొక్కితే తెల్లటి పేజీ నల్లబడి, అక్షరాలు తెల్లగా కనిపిస్తాయి. ఆ రెండే పెట్టుకుంటే ఎందుకని అడుగుతారు. అందుకే అన్నీ పెట్టాను. విండో పట్టి లాగితే జావలా ఊగుతుంది, మూస్తే మంటలేచి కాలిపోతుంది, తెర మీద వాన కురుస్తుంది, నాలుగు తెరలు ఒక పెట్టెకు నాలుగు పక్కలై గిర్రున తిరుగుతాయి. ఈ గోలలో ఆ రెండూ ఎవరి కంటా పడవు.

మొదటిరోజు తొందరలో విండోలకు అంచులు గీసే గడిలో టిక్కు పెట్టడం మరిచాను. తీరా చూస్తే ఏ విండోకీ పైపట్టీ లేదు, మూసే గుర్తూ లేదు. మా కంప్యూటర్లు చూసే ఎస్నాతిని పిలవక తప్పలేదు. ఆమె నేను టిక్కులు పెట్టిన పట్టికంతా పైనుంచి కిందికి చదివి, టిక్కు పెట్టి, "అంచులు మరిచి అగ్గి పెట్టుకున్నావా అన్నా! నీకు వయసు వెనక్కి నడుస్తోందేమిటి?" అంది. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నిన్న ప్రిన్సిపాల్ కలిలోంబె గారు నా వెనక నిలబడి, "ఇది ఆఫీసా, తిరనాళ్ళా? పాత మిషన్లు ఈ వేషాలకు చస్తున్నాయి. ఎస్నాతీ, శుక్రవారానికి అన్నీ పీకెయ్" అన్నారు.

అవి తీస్తే నేను ఒక్క పేరూ చదవలేను. చెప్పుకుని అందరి చేతా అయ్యో అనిపించుకోవడం నా వల్ల కాదు. శుక్రవారం రాజీనామా ఇచ్చేస్తాను. కాగితం జేబులోనే ఉంది.

నీ తమ్ముడు,
లింబని

జోంబా,
జులై 18

అక్కా,

నిన్న పొద్దున్నే వెళ్ళి కంప్యూటరు ఆన్ చేశాను. విండో లాగాను, ఊగలేదు. మూశాను, మంట రాలేదు. సరే, అయిపోయింది అనుకున్నాను. అలవాటు కొద్దీ వేలు ఆ మీట మీదికి పోయింది. తెర నల్లబడింది. చక్రం తిప్పాను. అక్షరాలు పిడికిలంత అయ్యాయి.

ఎస్నాతి నా బల్ల దగ్గరికొచ్చింది. "పెద్దాయనకు బొమ్మలన్నీ తీశానని చెప్పాను. ఆ రెండూ బొమ్మలు కావుగా" అంది.

"నీకెలా తెలుసు?"

"మా పిన్ని పోయినప్పుడు ఆనవాయితీ ప్రకారం గుండు చేయించుకుని వచ్చాను. గేటు కాపలావాడి దగ్గర్నుంచి పెద్దాయన దాకా అందరూ ఆగి పరామర్శించారు. నువ్వు నా ఎదురుగా నిలబడి, 'ఏం ఎస్నాతీ, మంచి హుషారుగా ఉన్నావా?' అన్నావు. ఛీ, రాతిమనిషి అనుకున్నాను. నీతో మాట్లాడకూడదని ఒట్టు కూడా పెట్టుకున్నాను. తర్వాత అంచుల కోసం పిలిచావు. ఆ పట్టికలో ఈ రెండూ చూశాను, నువ్వు తెరకు ముక్కు ఆనించి తల పక్కకు తిప్పడం చూశాను. ఇంకెవరూ చూడకుండా అందర్నీ నవ్వించాను. నువ్వే చెబుతావని ఇన్నాళ్ళు ఆగాను. ఎంత మొద్దువన్నా నువ్వు!"

కళ్ళు పోతాయన్నప్పుడు రాని ఏడుపు, అక్కా, ఆ మాటకు వచ్చింది. సిగ్గుతో వచ్చింది. ఆమె పక్కనుండగా ప్రిన్సిపాల్ గారికి నేనే చెప్పాను. ఆయన, "పేర్లలో తప్పు రానంతవరకు ఆ కుర్చీ నీదే, పో" అన్నారు. రాజీనామా చింపేశాను.

బయటికొచ్చాక, "జుట్టు పెరిగిందా?" అని ఎస్నాతిని అడిగాను. ఎదురుగా ఉన్నదల్లా నా పక్కకు జరిగి నిలబడి, "ఇప్పుడు చూడు" అంది.

చూశాను. పొట్టిగా, ఒత్తుగా పెరిగింది. మీ పిన్ని పేరేమిటని అడిగాను.

నీ
లింబని